ఎండకి ఫోన్ ఉబ్బుతుందా? మా నాన్న ఫోన్ నేర్పిన లెక్క

మే నెల చివరి వారం. హైదరాబాద్ ఆఫీసులో మీటింగ్‌లో ఉండగా రామచంద్రపురం నుంచి నాన్న ఫోన్ చేశారు.

"ఒరేయ్, నా ఫోన్ వెనకాల మూత కొంచెం పైకి లేచిందిరా. ఎండకి ఉబ్బినట్టుంది. ఏమన్నా చెయ్యాలా?"

నేను అప్పటికే సగం బుర్ర మీటింగ్‌లో పెట్టి ఉన్నా. "ఆ, థర్మల్ ఎక్స్‌పాన్షన్ నాన్నా. వేడికి ఏ వస్తువైనా పెరుగుతుంది. ఎండలో పెట్టకండి, చల్లబడితే అదే సర్దుకుంటుంది" అని చెప్పి పెట్టేశా.

బీటెక్ చదివిన కొడుకు చెప్పాడు కదా అని నాన్న నమ్మేశారు. పగలు బైక్ హ్యాండిల్‌కి ఉన్న హోల్డర్లో, రాత్రి దిండు పక్కన ఛార్జింగ్‌లో. రెండు వారాల పాటు ఆ ఫోన్‌ని అలాగే వాడారు.

నేను చెప్పింది తప్పు. మామూలు తప్పు కూడా కాదు, ఇల్లు అంటుకునే రకం తప్పు. ఆ రోజు ఫోన్ పెట్టేసే ముందు ఒక్క నిమిషం కాలిక్యులేటర్ తీసి ఉంటే నాకే తెలిసేది. ఆ ఒక్క నిమిషం లెక్క ఏంటో, వేడికి వస్తువులు అసలు ఎంత పెరుగుతాయో, మన గ్యాడ్జెట్లలో దాని వల్ల నిజంగా పాడయ్యేది ఏంటో ఈ ఆర్టికల్‌లో చెప్తా.

వేడెక్కితే వస్తువు ఎందుకు పెరుగుతుంది?

స్కూల్లో ఇనుప గుండు, రింగు ప్రయోగం గుర్తుందా? చల్లగా ఉన్నప్పుడు రింగులోంచి దూరిన గుండు, వేడి చేశాక దూరదు. కారణం పెద్ద కష్టమైంది కాదు.

ఘన పదార్థంలో అణువులు వాటి స్థానాల్లో ఊగుతూ ఉంటాయి. వేడి అంటేనే ఆ ఊపు. తీర్థంలో జనం ఊరికే నిల్చున్నప్పుడు దగ్గర దగ్గరగా ఉంటారు. డప్పు మొదలై చిందులేస్తే అదే జనానికి ఎక్కువ చోటు కావాలి. దీనికి ఇంకో చిన్న విషయం కలపాలి. రెండు అణువుల్ని దగ్గరికి నొక్కడం కష్టం, దూరంగా లాగడం కాస్త తేలిక. అందుకే ఊపు పెరిగే కొద్దీ వాటి మధ్య సగటు దూరం బయటి వైపే పెరుగుతుంది. వస్తువు మొత్తం కొంచెం పెద్దదవుతుంది. చల్లబడితే మళ్లీ తగ్గుతుంది.

ఎంత పెరుగుతుందనేది పదార్థాన్ని బట్టి ఉంటుంది. 1 మీటర్ పొడవున్న వస్తువు 1 డిగ్రీ వేడెక్కితే ఎన్ని మైక్రోమీటర్లు పెరుగుతుందో సుమారుగా ఇదీ లిస్ట్ (1 మిల్లీమీటర్ అంటే 1,000 మైక్రోమీటర్లు):

- ఇన్వార్ (ఇనుము, నికెల్ కలిపిన లోహం): 1.2
- సిలికాన్ (ప్రాసెసర్ చిప్): 2.6
- బోరోసిలికేట్ గాజు (ల్యాబ్‌లో, ఓవెన్లో వాడే గాజు): 3.3
- టైటానియం: 8.6
- మామూలు గాజు: 9
- ఉక్కు: 12
- సర్క్యూట్ బోర్డ్: 14 నుంచి 17
- రాగి: 17
- అల్యూమినియం: 23
- పాలీకార్బొనేట్ ప్లాస్టిక్: 65 నుంచి 70

ఈ లిస్ట్‌ని ఒకసారి పైనుంచి కిందికి మళ్లీ చూడండి. ఇందులో సగం మీ చేతిలో ఉన్న ఫోన్‌లోనే ఉన్నాయి. గాజు, అల్యూమినియం, ప్లాస్టిక్, సిలికాన్, రాగి, బోర్డ్, అన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఒక్కొక్కటి ఒక్కో లెక్కన పెరుగుతుంది. కథంతా ఇక్కడే ఉంది. కానీ ముందు నేను చెయ్యాల్సిన లెక్క చేద్దాం.

ఒక్క నిమిషం లెక్క

సూత్రం సింపుల్: పొడవు × పై లిస్ట్‌లో అంకె × ఎన్ని డిగ్రీలు పెరిగింది.

ఫోన్ పొడవు 160 మిల్లీమీటర్లు అనుకుందాం, అంటే 0.16 మీటర్లు. అల్యూమినియం ఫ్రేమ్. 30 డిగ్రీల నీడలోంచి తీసి ఎండలో పెడితే ఏకంగా 70 డిగ్రీలకి వెళ్లిపోయిందనే అనుకుందాం. నిజానికి అంత వేడికి ముందే ఫోన్ వార్నింగ్ ఇచ్చి ఆగిపోతుంది. అయినా సరే 40 డిగ్రీల తేడా తీసుకుందాం.

0.16 × 23 × 40 = 147 మైక్రోమీటర్లు. అంటే సుమారు 0.15 మిల్లీమీటర్. ఫోన్ మొత్తం పొడవు మీద పెరిగేది రెండు వెంట్రుకల మందం.

ఇది పొడవు మాట. నాన్న ఫోన్‌లో పెరిగింది మందం. ఫోన్ మందం 8 మిల్లీమీటర్లు. లోహం కాదు, ఎక్కువ పెరిగే ప్లాస్టిక్ అనే అనుకుందాం: 0.008 × 70 × 40 = 22 మైక్రోమీటర్లు. వెంట్రుకలో మూడో వంతు. దాన్ని కంటితో చూడలేం, గోటితో తడిమి కూడా చెప్పలేం.

ఊరెళ్లాక స్కేల్ పెట్టి చూస్తే నాన్న ఫోన్ మూత లేచింది 3 మిల్లీమీటర్లు.

లెక్కని తిరగేద్దాం. 8 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ వేడికి 3 మిల్లీమీటర్లు పెరగాలంటే ఎన్ని డిగ్రీలు కావాలి? 5,000 పైన. సూర్యుడి ఉపరితలం సుమారు 5,500 డిగ్రీలు. రోహిణి కార్తె ఎండ ఎంత మండినా మా రామచంద్రపురం మెయిన్ రోడ్డు అంత వేడెక్కదు.

అంటే మూత లేవడానికి కారణం ఇంకేదో. అదేంటో కిందకి వెళ్లే కొద్దీ తెలుస్తుంది. ఈ లోపు ఒక ప్రశ్న: పెరుగుదల ఇంత చిన్నదైతే దాని గురించి ఇంజనీర్లు ఎందుకంత భయపడతారు?

గోదావరి మీద ఒక మీటర్

రెండు వారాల తర్వాత రాత్రి రైలెక్కి ఊరికి బయల్దేరా. తెల్లవారుజామున కొవ్వూరు దాటాక రైలు గోదావరి మీదకి వస్తుంది. మా వైపు వాళ్లెవరికైనా అక్కడ నిద్ర దానంతటదే ఎగిరిపోతుంది. నదిలో మన రైలు వంతెన పక్కనే పాత హేవ్‌లాక్ వంతెన కనిపిస్తుంది. 1897లో మొదలుపెట్టి 1900లో రైళ్లు నడిపారు. 1997 దాకా పనిచేసింది.

ఆ పాత వంతెన 56 స్పాన్‌లు. ఒక్కోటి 45.7 మీటర్లు, పైన ఉక్కు గర్డర్లు. మన లెక్క దీనికి పెడదాం. శీతాకాలం తెల్లవారుజాముకి, ఎండాకాలం మధ్యాహ్నానికి 30 డిగ్రీల తేడా అనుకుంటే, 45.7 × 12 × 30 = 16,450 మైక్రోమీటర్లు. ఒక్కో స్పాన్‌కి 16 మిల్లీమీటర్ల పైన. 56 స్పాన్‌లు కలిపితే 92 సెంటీమీటర్లు. మొత్తం వంతెనని ఒకే ఉక్కు కడ్డీలా కట్టి రెండు చివర్లూ బిగించి ఉంటే, మే నెలలో ఆ దాదాపు మీటర్ ఎక్కడికి పోవాలి?

అందుకే వంతెనని ముక్కలుగా కడతారు. గర్డర్‌ని ఒక చివర బిగించి, రెండో చివర కదిలేలా బేరింగ్ మీద పెడతారు. ముక్కకీ ముక్కకీ మధ్య ఖాళీ వదుల్తారు. 1974లో వచ్చిన రోడ్డు–రైలు వంతెన మీద బైక్‌పై వెళ్తుంటే టక్, టక్ అని వచ్చేది ఆ ఖాళీల మీద వేసిన జాయింట్ల చప్పుడే. హేవ్‌లాక్ బదులుగా వచ్చిన ఆర్చ్ వంతెనలో 28 స్పాన్‌లు, ఒక్కోటి 97.55 మీటర్లు. కాంక్రీట్ అంకె 10 అనుకుంటే, అంతే తేడాకి ఒక్కో స్పాన్‌కి దాదాపు 3 సెంటీమీటర్లు.

చోటు ఇస్తే సమస్య లేదు. చోటు ఇవ్వకపోతే ఏమవుతుందో ఆ వంతెన మీద పరిగెత్తే రైలు పట్టాలే చెప్తాయి.

పాత రోజుల్లో పట్టాకీ పట్టాకీ మధ్య ఖాళీ ఉండేది. ఇప్పుడు మెయిన్ లైన్లలో పట్టాలని కిలోమీటర్ల పొడవున వెల్డ్ చేస్తున్నారు. మరి పెరిగేదెలా? పెరగనివ్వరు. స్లీపర్లు, క్లిప్పులు, కంకర కలిసి పట్టాని పట్టి ఉంచుతాయి. పెరగలేని పట్టాలో ఆ బలం ఒత్తిడిగా లోపలే ఉండిపోతుంది. మీటర్‌కి 60 కిలోలు తూగే పట్టాలో డిగ్రీకి దాదాపు 1.8 టన్నులు. 30 డిగ్రీలు పెరిగితే ఒక్క పట్టాలో 50 టన్నుల పైన. కంకర ఎక్కడైనా బలహీనంగా ఉంటే పట్టా పాములా పక్కకి వంగిపోతుంది. ఎండాకాలం మధ్యాహ్నాలు రైల్వే సిబ్బంది ప్రత్యేకంగా లైన్ వెంట నడిచి చూసేది అందుకే.

ఇక్కడి దాకా సారాంశం ఇది: పెరగడం చిన్నదే, కానీ దాన్ని ఆపాలంటే పుట్టే బలం చాలా పెద్దది.

మామ్మ రోలు

రాజమండ్రిలో దిగి ద్వారపూడి, మండపేట మీదుగా బస్సులో ఇంటికి చేరా. వీధి అరుగు మీద మామ్మ కూర్చుని ఉంది. ఫోన్ విషయం ఎత్తగానే తన మాట తను చెప్పింది: "రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అన్నారేంట్రా?"

మే చివర్లో మొదలై జూన్ మొదటి వారం దాకా ఉండే కార్తె అది. దొడ్లో మా పాత రోలు ఉంది, అంచు మీద పగులు కూడా ఉంది. ఆ పగులు ఎండకే వచ్చిందని నేను చెప్పలేను. కానీ సామెత వెనకున్న ఫిజిక్స్ మాత్రం కరెక్ట్.

రాయి మొత్తం ఒకేలా వేడెక్కితే ఒకేలా పెరుగుతుంది, పగలదు. కానీ రాయిలో వేడి నెమ్మదిగా ప్రయాణిస్తుంది. పైపొర కాలిపోతుంటే లోపల ఇంకా చల్లగానే ఉంటుంది. పైన పెరుగుతానంటుంది, లోపల కుదరదంటుంది. ఇక కాలిన రాయి మీద ఒక్కసారిగా వాన పడితే పైపొర ముడుచుకుంటుంది, లోపల ఇంకా వేడిగా ఉంటుంది. ముడుచుకునే పైపొర సాగదీసినట్టవుతుంది. నొక్కితే రాయి ఎంతైనా తట్టుకుంటుంది, లాగితే మాత్రం ఇట్టే పగులుతుంది.

వంటింట్లో గాజు గ్లాసులో మరిగే టీ పోస్తే ఠప్పున పగిలేది కూడా ఇందుకే. లోపలి గోడ పెరిగింది, బయటి గోడకి ఇంకా వేడి తెలియలేదు. బోరోసిలికేట్ గాజు తట్టుకోవడానికి కారణం లిస్ట్‌లోనే ఉంది. 9 బదులు 3.3.

అంటే వస్తువు పగలడానికి అసలు కారణం వేడి కాదు, తేడా. ఒకే వస్తువులో ఒకచోట వేడి, ఇంకోచోట చల్లదనం ఉంటే ఒక రకం తేడా. రెండు వేర్వేరు పదార్థాలు అతుక్కుని ఉండి, వేడికి వేర్వేరుగా పెరిగితే ఇంకో రకం తేడా. మన ఫోన్లలో రెండూ ఉంటాయి.

తేడా కుదిరితే, కుదరకపోతే

కుదిరిన జంటకి మంచి ఉదాహరణ మన డాబా ఇల్లే. ఉక్కు 12, కాంక్రీట్ 10 నుంచి 12. దాదాపు ఒకేలా పెరుగుతాయి కాబట్టే స్లాబులో కాంక్రీట్, ఇనుప చువ్వలు దశాబ్దాల పాటు కలిసి ఉంటున్నాయి. చువ్వల బదులు అల్యూమినియం వేసి ఉంటే (అది 23) వేరే ఇబ్బందులు అటుంచి, ప్రతి ఎండాకాలం స్లాబ్ లోపల ఒక యుద్ధమే.

తేడాని పనికి పెట్టుకున్న వాళ్లూ ఉన్నారు. పాత రోజుల్లో ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించేవాళ్లు. పట్టాని చెక్క చక్రం కంటే కాస్త చిన్నగా చేసి, నిప్పుల్లో ఎర్రగా కాల్చి, పెరిగినప్పుడు చక్రానికి తొడిగి నీళ్లు పోసేవాళ్లు. ముడుచుకున్న పట్టా చక్రాన్ని ఎంత గట్టిగా పట్టేదంటే మేకు అవసరం ఉండేది కాదు. ఇస్త్రీ పెట్టెలో టక్ మని ఆగేదీ, పాత ట్యూబ్‌లైట్ స్టార్టర్‌లో వెలిగి ఆరేదీ బైమెటల్ ముక్క. రెండు వేర్వేరు లోహాలని అతికిస్తారు. వేడెక్కితే ఒకటి ఎక్కువ పెరిగి రెండూ కలిసి వంగుతాయి, కాంటాక్ట్ మారుతుంది.

ఇక అసలు పెరగకూడదు అనుకునే చోట ఇన్వార్. 1896లో స్విట్జర్లాండ్‌కి చెందిన షార్ల్ ఎడ్వార్ గియోమ్ కనిపెట్టారు. ఇనుములో సుమారు 36 శాతం నికెల్. దీనికీ, ఇలాంటి మిశ్రమ లోహాల మీద చేసిన పనికీ 1920లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. పాత సంగతి కదా అనుకోకండి. మీ ఓఎల్‌ఈడీ స్క్రీన్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కల్ని వేసేటప్పుడు సన్న రంధ్రాలున్న పల్చటి రేకుని అడ్డం పెడతారు. ఆ రేకు ఇన్వార్‌దే. వేడికి రేకు పెరిగితే రంధ్రాలు జరిగి రంగులు పక్కపక్క పిక్సెల్స్‌లో పడతాయి.

ఇప్పుడు కుదరని జంట. ప్రాసెసర్ సిలికాన్, అంకె 2.6. దాని కింద బోర్డ్, 15 దగ్గర. మధ్యలో రెంటినీ పట్టుకుని ఉండేవి చిట్టి సోల్డర్ బంతులు.

10 మిల్లీమీటర్ల చదరపు చిప్ అనుకుంటే, మధ్య నుంచి మూలకి 7 మిల్లీమీటర్లు. గేమ్ ఆడితే చిప్ 50 డిగ్రీలు వేడెక్కిందనుకోండి. మూల దగ్గర తేడా 0.007 × 12 × 50, అంటే సుమారు 4 మైక్రోమీటర్లు. చాలా తక్కువే. కానీ ఇది ఒక్కసారితో అయిపోదు. గేమ్ మొదలెట్టిన ప్రతిసారీ ఒక పక్కకి, ఆపిన ప్రతిసారీ వెనక్కి. బైండింగ్ వైర్‌ని ఒక్కసారి వంచితే విరగదు, అటూ ఇటూ పదిసార్లు వంచితే విరుగుతుంది. సోల్డర్ బంతి కూడా అంతే. అందుకే కంపెనీలు చిప్ కింద అండర్‌ఫిల్ అనే జిగురు నింపుతాయి. లాగుడు కొన్ని మూల బంతుల మీదే పడకుండా అన్నిటికీ పంచుతుంది.

ఈ లెక్క తప్పితే ఎంత ఖర్చవుతుందో చరిత్రలో ఉంది. 2007 జూలైలో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ 360కి వారంటీని మూడేళ్లకి పెంచి, అందుకోసం వంద కోట్ల డాలర్ల పైన పక్కన పెట్టింది. మూడు ఎర్ర లైట్లు వెలిగి ఆగిపోయే సమస్య మీలో పాత గేమర్లకి గుర్తుండే ఉంటుంది. ఆన్ చేస్తే వేడి, ఆఫ్ చేస్తే చల్లన. ఈ మార్పులకి చిప్ ప్యాకేజీ లోపలి సోల్డర్ అతుకులు పగలడమే కారణమని 2021లో వచ్చిన ఆ కంపెనీ డాక్యుమెంటరీలోనే చెప్పారు. 2008 జూలైలో ఎన్‌విడియా కూడా కొన్ని ల్యాప్‌టాప్ చిప్‌ల ప్యాకేజింగ్ మెటీరియల్ బలహీనంగా ఉందని చెప్పి 15 నుంచి 20 కోట్ల డాలర్లు కేటాయించింది.

కొత్త ఫోన్ స్పెసిఫికేషన్లు చదివేటప్పుడు కూడా ఈ చూపుతో చూడండి. టైటానియం ఫ్రేమ్ అనగానే బరువు, గట్టిదనం అంటారు. కానీ దాని అంకె 8.6, గాజుకి దగ్గర. అదే అల్యూమినియం 23. ఐఫోన్ 15 ప్రోలో బయట టైటానియం, లోపల అల్యూమినియం కలిపారు. ఇంత తేడా ఉన్న రెండు లోహాలని విడిపోకుండా కలపడానికే ఆపిల్ ప్రత్యేక పద్ధతి వాడాల్సి వచ్చింది. స్క్రీన్ చుట్టూ సన్నటి గీతలా కనిపించే ఖాళీ, అందులో మెత్తటి జిగురు చాలా మందికి క్వాలిటీ లోపంలా కనిపిస్తుంది. అది గోదావరి వంతెన జాయింట్‌కి తమ్ముడు.

పూరీ ఎందుకు పొంగుతుంది?

ఇప్పుడు నాన్న ఫోన్ దగ్గరికి వద్దాం. ఇల్లు చేరిన రోజు ఆ ఫోన్‌ని టేబుల్ మీద పెడితే అది నిలకడగా లేదు. బొంగరంలా గుండ్రంగా తిరిగింది. మూత 3 మిల్లీమీటర్లు లేచి ఉంది. ఏసీ గదిలో రాత్రంతా చల్లగా ఉన్నా ఆ 3 మిల్లీమీటర్లలో ఒక్క గీత కూడా తగ్గలేదు.

అప్పుడు వెలిగింది. వేడికి పెరిగింది చల్లబడితే తగ్గాలి. తగ్గలేదంటే అది ఎక్స్‌పాన్షన్ కాదు.

మెయిన్ రోడ్డు మీద తెలిసిన మొబైల్ షాప్‌కి తీసుకెళ్లా. అక్కడి అన్న ఫోన్‌ని చేతిలోకి తీసుకోగానే "స్విచ్ ఆఫ్ చేశారా?" అని అడిగాడు. జాగ్రత్తగా మూత తీశాడు. లోపల బ్యాటరీ పూరీలా ఉంది.

పోలిక సరదాకి చెప్పట్లేదు. పూరీ పొంగేది వేడికి పిండి పెరిగి కాదు. లోపలి నీళ్లు ఆవిరై, ఆ ఆవిరి రెండు పొరల్నీ విడదీసి లేపుతుంది. లిథియం అయాన్ బ్యాటరీ కూడా అంతే. సన్నటి సంచి, లోపల ఎలక్ట్రోలైట్ అనే ద్రవం. బ్యాటరీ పాతబడే కొద్దీ, ముఖ్యంగా ఎక్కువ వేడిలో, ఎప్పుడూ ఫుల్ ఛార్జ్‌లో ఉంటే, ఆ ద్రవం విరిగి గ్యాస్ అవుతుంది. సంచి సీల్ చేసి ఉంటుంది కాబట్టి గ్యాస్‌కి దారి లేదు. సంచి ఉబ్బుతుంది. అది రసాయన మార్పు, వెనక్కి రాదు. పూరీ చల్లారితే అణిగినా, ఇది అణగదు.

అలా ఉబ్బిన సంచిలో పల్చటి పొరలు నలిగి ఒకదానికొకటి తగిలితే లోపలే షార్ట్ అయ్యి మంట పుట్టొచ్చు. ఆ బ్యాటరీనే రెండు వారాల పాటు నాన్న తల పక్కన ఛార్జింగ్‌లో పెట్టుకుని పడుకున్నారు, నా మాట నమ్మి.

ఎండ పాత్ర అస్సలు లేదా అంటే ఉంది. నాన్న బైక్ హోల్డర్లో ఎండలో పెట్టిన గంటలన్నీ ఆ గ్యాస్ పుట్టడాన్ని తొందర చేశాయి. మూడేళ్ల పాత బ్యాటరీ కావడం ఇంకో కారణం. కాకపోతే ఎండ మూతని లేపలేదు, మూతని లేపిన దాన్ని తయారు చేసింది.

మరి ఏం చెయ్యాలి?

ఒకటి, తేడా గుర్తుపట్టండి. ఫోన్ వేడికి పెరిగేది కంటికి కనిపించదు. కంటికి కనిపించేలా స్క్రీన్ గానీ, వెనక మూత గానీ లేచిందంటే, టేబుల్ మీద ఫోన్ ఊగుతోందంటే ముందు అనుమానించాల్సింది బ్యాటరీని.

రెండు, ఉబ్బిందని అనుమానం రాగానే ఛార్జింగ్ ఆపండి, స్విచ్ ఆఫ్ చెయ్యండి. మూతని నొక్కి సరిచెయ్యకండి, పిన్నుతో పొడవకండి. కాలే వస్తువులకి దూరంగా పెట్టి సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లండి. తీసేసిన బ్యాటరీని చెత్తబుట్టలో వెయ్యకండి, షాప్‌లోనే ఇవ్వండి.

మూడు, కాలిన ఫోన్‌ని ఫ్రిజ్‌లో పెట్టకండి. రోలు మీద వాన పడినట్టే. గాజు, జిగురు, సోల్డర్ అన్నిటికీ ఒకేసారి దెబ్బ. పైగా మన గోదావరి గాలిలో తేమ ఎక్కువ. చల్లటి ఫోన్‌ని బయటికి తియ్యగానే కూల్‌డ్రింక్ సీసాకి పట్టినట్టు నీళ్లు పడతాయి, లోపల కూడా. కేస్ తీసేసి నీడలో, ఫ్యాన్ కింద పెడితే చాలు.

నాలుగు, ఆగి ఉన్న కారు డ్యాష్‌బోర్డ్ మీద ఫోన్ వదలకండి. ఆపిల్ ఐఫోన్ వాడటానికి చెప్పే బయటి ఉష్ణోగ్రత 35 డిగ్రీల వరకే, ఊరికే ఉంచడానికి 45 వరకు. మే నెలలో మూసిన కారులో డ్యాష్‌బోర్డ్ 60 దాటడం పెద్ద విషయం కాదు. రిపేర్ షాపుల్లో స్క్రీన్ ఊడదీయడానికి వేడి చేసి జిగురు మెత్తబరుస్తారని గుర్తుంచుకోండి. మీ కారు అదే పని ఫ్రీగా చేస్తుంది.

ఐదు, వేడి మీద వేడి వద్దు. ఎండలో నావిగేషన్, ఫాస్ట్ ఛార్జింగ్, గేమ్ మూడూ కలపకండి. ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్‌ని దిండు కింద, పక్క మీద పెట్టకండి.

నాన్న ఫోన్‌లో కొత్త బ్యాటరీ వేయించాం. మూత దాని చోట అది కూర్చుంది. బైక్ మీద హోల్డర్ తీసేశారు, ఫోన్ ఇప్పుడు జేబులోనే. ఛార్జింగ్ హాల్లో, గచ్చు మీద.

మొన్న మళ్లీ ఫోన్ చేశారు. "ఒరేయ్, ఇంట్లో తలుపు బిగుసుకుపోయి పడట్లేదు. ఇది కూడా బ్యాటరీ యేనా?"

కాదు నాన్నా. వానలు పడ్డాయి కదా, చెక్క తేమ పీల్చి ఉబ్బింది. అది వేడి లెక్క కూడా కాదు. ఈసారి మాత్రం లెక్క చూసుకున్నాకే చెప్పా.